మాట దాచే పెట్టె



ఆఫీసు గదిలో ఫోను పక్కన ఒక చెక్క పెట్టె, దాని మీద ఎర్ర దీపం మీరందరూ చూసే ఉంటారు. అది ఏమిటని రోజుకు పదిమంది అడుగుతున్నారు. అందులో వార్డెన్ గారు మన అల్లరి రికార్డు చేయిస్తున్నారని ఒకడు వంటశాల దాకా ప్రచారం చేశాడు. అది అబద్ధం. ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఫోను మోగితే తానే ఎత్తి, అవతలి వారి మాట దాచిపెట్టే యంత్రం అది. ఆన్సరింగ్ మెషీన్ అంటారు. పదో తరగతి వాళ్ళం నలుగురం, సైన్సు మాస్టారి దగ్గరుండి, దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టి సంక్రాంతి సెలవుల లోపు చేశాం. ఎలా చేశామో, ఎక్కడెక్కడ దెబ్బ తిన్నామో ఈ వ్యాసములో రాస్తున్నాను. తొమ్మిదో తరగతి వాళ్ళు శ్రద్ధగా చదవవలెను. వచ్చే ఏడు ఇది పాడైతే బాగుచేయాల్సింది మీరే.

ముందు ఎందుకు చేశామో చెప్పాలి.

2022 జూలైలో నేను ఏడో తరగతి. గోదావరికి వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ నెల 16వ తేదీన అది 71.3 అడుగులకు పోయింది. అంతకన్నా పెద్దది 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద. గోదావరి అలా నిండితే కూనవరం దగ్గర వచ్చి కలిసే శబరికి దిగే దారి ఉండదు, వెనక్కి తంతుంది. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, దేవీపట్నం మండలాల్లో ఊళ్ళు మునిగాయి. జనం గుట్టలెక్కి టార్పాలిన్లు కట్టుకున్నారు.

మా గదిలో శబరి ఒడ్డు వాడొకడు ఉండేవాడు. వాళ్ళ చినాన్న గుట్ట మీద ఎక్కడో సిగ్నల్ దొరికితే హాస్టల్ ఫోనుకు చేశాడు. మేమందరం అన్నాల దగ్గర ఉన్నాం. ఆఫీసులో ఎవరూ లేరు. మోగి మోగి ఆగింది. రెండోసారి చేసినప్పుడు ఎవరో ఎత్తారు. మాట సరిగా వినపడలేదో, తొందరో, “కూనవరం వైపు నుంచి ఫోన్” అని మాత్రం చీటీ రాసి బల్ల మీద పెట్టారు. ఎవరికి, ఏమని అన్నది లేదు. ఆ చీటీ చూసి ఆ వైపు పిల్లలు పదకొండు మంది ఏడ్చారు. ప్రతివాడూ అది తన ఇంటి సంగతే అనుకున్నాడు. నాలుగో రోజుకు గానీ మావాడికి అసలు మాట చేరలేదు. ఇంటిల్లిపాదీ క్షేమం, ఎడ్లు కూడా గుట్టెక్కాయి, నువ్వు బెంగపడకు. చినాన్న చెప్పింది అంతే. పది సెకన్ల మాట.

అప్పుడే నాకు ఈ యంత్రం ఆలోచన వచ్చిందని గొప్పకు రాయను. అప్పుడు భయమేసింది, అంతే. ఆలోచన మన టింకరింగ్ ల్యాబ్‌లో ఆర్డుయినో బోర్డు చేతికి వచ్చాక వచ్చింది. దీపాలు వెలిగించి ఆర్పే ఆట పది రోజులకే విసుగొచ్చింది. ఇంకేం చేయొచ్చని మాస్టారు అడిగితే, ఆ శబరి ఒడ్డు వాడే “ఫోను ఎత్తే యంత్రం చేయొచ్చా సార్” అన్నాడు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1898లోనే డెన్మార్క్ దేశంలో వాల్డెమార్ పౌల్సెన్ అనే ఇంజనీరు ఇనుప తీగ మీద అయస్కాంతంతో గొంతును అచ్చు వేయవచ్చని కనిపెట్టాడు. ఆయన టెలిఫోను కంపెనీలో పనిచేసేవాడు. ఎవరూ లేనప్పుడు వచ్చిన ఫోను మాట దాచాలన్నది ఆయన ఉద్దేశాల్లో ఒకటి. టేపు రికార్డరుకు తాత ఆ యంత్రమే. 1900లో పారిస్ ప్రదర్శనలో పెట్టాడు. అక్కడ ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ అందులో మాట్లాడాడు, ఆ గొంతు ఇప్పటికీ ఉంది. చక్రవర్తి మాట నూట ఇరవై ఏళ్ళు పైన నిలిచింది. మా వాడి చినాన్న మాట మాత్రం బల్ల దాకా కూడా రాలేదు.

ఫోను తీగ సంగతి

ఫోను పెట్టేసి ఉన్నప్పుడు కూడా తీగలో కరెంటు ఒత్తిడి ఉంటుంది. టెలిఫోను ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే లైనులో సుమారు 48 వోల్టుల డీసీ. మన బడి ఇంటర్‌కం మీద మీటరు పెడితే 24 చూపించింది. రిసీవరు ఎత్తగానే లోపల దారి కలుస్తుంది, కరెంటు పారుతుంది, వోల్టులు పడిపోతాయి. ఆ పడిపోవడాన్ని చూసే ఎక్స్ఛేంజీ “ఆహా, ఎత్తారు” అని తెలుసుకుంటుంది. మోగించాలంటే అదే రెండు తీగల మీద ఏసీ పంపుతుంది: సుమారు 75 వోల్టులు, సెకనుకు 25 సార్లు అటూ ఇటూ. గంట మోగేటప్పుడు తీగ పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. మాలో ఒకడు పట్టుకుని చూశాడు. మీరు చూడవద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బయటి టెలిఫోను లైనుకు సొంతంగా చేసిన పరికరాన్ని నేరుగా తగిలించకూడదు. దానికి ప్రభుత్వ ఆమోదం ఉన్న పరికరాలే వాడాలి. మన బడిలో ఆఫీసు, వార్డెన్ గారి క్వార్టరు, వంటశాల, గేటు కలిపే చిన్న ఇంటర్‌కం ఎక్స్ఛేంజీ ఉంది కదా. బయటి లైను దానికి వస్తుంది. మా పెట్టె దాని ఇవతల, ఆఫీసు ఫోను తీగ మీద మాత్రమే ఉంది. మొదటి రెండు నెలలు అదీ లేదు. వంటశాల ఫోను నుంచి ల్యాబ్ ఫోనుకు మేమే చేసుకుంటూ పరీక్షించాం. వంటమ్మ గారు ఓర్చుకున్నారు, పాపం.

పెట్టెలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఫోను తీగా మన బోర్డూ ఒకదానినొకటి ఎక్కడా తాకవు. మధ్యలో మూడు చోట్ల దాటింపులు ఉన్నాయి, మూడూ మూడు రకాలు.

మొదటిది వెలుతురు. గంట మోగుతోందని తెలుసుకోవడానికి ఎంసీటీ2ఈ అనే ఆప్టోకప్లర్ వాడాం. దాని కడుపులో ఒక చిన్న దీపం, ఎదురుగా వెలుతురును గుర్తుపట్టే ట్రాన్సిస్టరు ఉంటాయి. ఫోను తీగ నుంచి 0.47 మైక్రోఫారడ్, 250 వోల్టుల కెపాసిటర్, ఒక రెసిస్టర్ దాటించి ఆ దీపానికి కలిపాం. కెపాసిటర్ డీసీని ఆపేస్తుంది, ఏసీని పోనిస్తుంది. కనుక మామూలప్పుడు దీపం ఆరి ఉంటుంది, గంట వచ్చినప్పుడే వెలుగుతుంది. దీపానికి అడ్డంగా ఒక డయోడ్ తిరగేసి పెట్టడం మరవకూడదు. లేకపోతే ఏసీ వెనక్కి తిరిగినప్పుడు దీపం మాడిపోతుంది. మాకు రెండు మాడాయి.

రెండోది రిలే. బోర్డు చెప్పగానే టక్కుమని రెండు తీగల మధ్య 470 ఓముల రెసిస్టర్‌ను కలుపుతుంది. అదే రిసీవరు ఎత్తడం. ఎక్స్ఛేంజీకి మనిషి ఎత్తాడో రెసిస్టర్ ఎత్తిందో తెలియదు. ఒక వాటు తట్టుకునే రెసిస్టర్ వేయవలెను, చిన్నది వేస్తే వేడెక్కుతుంది.

మూడోది ట్రాన్స్‌ఫార్మర్. మాట ఇందులోంచి దాటుతుంది. రెండు పక్కలా 600 ఓములు ఉండే చిన్నది. ఒక చుట్టలో అల వస్తే రెండో చుట్టలో అయస్కాంతం వల్ల అదే అల పుడుతుంది. దీనికి ముందు కూడా ఒక కెపాసిటర్ పెట్టాం. పాత మోడెం ఒకటి రాజమండ్రిలో రేడియో రిపేరు దుకాణం ఆయన ఊరికే ఇచ్చాడు, అందులోంచి ఊడదీశాం. “దేనికి బాబూ” అని అడిగాడు. చెప్పాం. ఆయన రిలే డబ్బులు కూడా తీసుకోలేదు.

ట్రింగ్ ట్రింగ్ లెక్క

ప్రోగ్రాము రాయడం తేలిక అనుకున్నాం. ఆరుసార్లు మోగితే ఎత్తు, అంతే కదా. పెట్టె మూడుసార్లకే ఎత్తేసేది. వార్డెన్ గారు కుర్చీలోంచి లేచేలోపు అది లాగేసుకునేది. వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాం.

సంగతి ఏమిటంటే, మేము చూసి రాసిన ప్రోగ్రాము అమెరికా వాళ్ళది. వాళ్ళ ఫోను రెండు సెకన్లు ఒకే పొడుగు గంట మోగి నాలుగు సెకన్లు ఆగుతుంది. మన దేశపు ఫోను ట్రింగ్ ట్రింగ్ అని జంటగా మోగుతుంది: 0.4 సెకన్లు మోత, 0.2 విరామం, మళ్ళీ 0.4 మోత, తర్వాత రెండు సెకన్లు నిశ్శబ్దం. మా ప్రోగ్రాము ఒక్కో జంటను రెండుగా లెక్కపెట్టింది. చెవితో చిన్నప్పటి నుంచి వింటున్నాం, అది జంట అని ఎవరికీ తట్టలేదు. వంటమ్మ గారే, “ఒకసారి మోగితే రెండు గంటలు కదరా” అన్నారు. తర్వాత ఇలా మార్చాం: నిశ్శబ్దం ఒక సెకను దాటితేనే ఒక గంట పూర్తయినట్టు. ఆరు జంటలంటే దాదాపు పద్దెనిమిది సెకన్లు. ఈలోపు మనిషి ఎత్తితే గంట ఆగిపోతుంది, పెట్టె నోరు మూసుకుని మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడుతుంది.

మాటను అంకెలుగా రాయడం

ఈ భాగం కొంచెం నెమ్మదిగా చదవండి. మాట అంటే గాలిలో అల. ఫోనులో అది కరెంటు అల అవుతుంది. యంత్రానికి అలలు తెలియవు, అంకెలే తెలుసు. కనుక అల ఎత్తును గబగబా కొలిచి అంకెలుగా రాసుకోవాలి. ఎంత గబగబా? మన అమ్మలు రోట్లో దంచడం గుర్తు తెచ్చుకోండి. మీరు కళ్ళు మూస్తూ తెరుస్తూ రోకలి పోట్లు లెక్కపెట్టాలి అనుకోండి. ఒక్కో పోటుకు కనీసం రెండుసార్లు చూడాలి: పైకి లేచినప్పుడు ఒకసారి, రోట్లో పడ్డప్పుడు ఒకసారి. అంతకన్నా తక్కువ చూస్తే లెక్క తప్పుతుంది, అసలు దంచుతున్నట్టే తెలియకపోవచ్చు.

ఫోను తీగ మనిషి గొంతులో సెకనుకు 300 నుంచి 3400 కంపనాల దాకా మోస్తుంది. మిగతావి వదిలేస్తుంది, అందుకే ఫోనులో గొంతు కొంచెం తేడాగా ఉంటుంది. 3400కి రెట్టింపు 6800. కాస్త ఎడం ఉంచి ఫోను వ్యవస్థల్లో 8000 సార్లు కొలుస్తారు. కొలతకు ఒక బైటు చొప్పున, సెకను మాటకు 8000 బైట్లు.

ఇప్పుడు మన బోర్డు మీది ఏటీమెగా328పీ చిప్పును చూడండి. మైక్రోకంట్రోలర్ అంటే ఇదే, అతి చిన్న కంప్యూటరు. ప్రోగ్రాము దాచుకోవడానికి 32 కిలోబైట్లు ఉన్నాయి గానీ, పని చేసుకునే జ్ఞాపకం 2048 బైట్లే. భాగహారం చేయండి. పావు సెకను వస్తుంది. “అమ్మా” అనే మాటలో “అ” పట్టేసరికి నిండిపోతుంది. పెట్టెకు తెలివి ఉంది, జ్ఞాపకం లేదు. ఆ జ్ఞాపకాన్ని బయట నుంచి తెచ్చివ్వాలి.

మొదట ఐఎస్‌డీ1820 అనే చిప్పు కొన్నాం. మాట దాచడానికే చేసిన చిప్పు అది. కరెంటు పోయినా మాట పోదు. కానీ ఒకే ఒక మాట దాస్తుంది, ఎక్కువలో ఎక్కువ 20 సెకన్లు. రెండో ఫోను వస్తే మొదటి మాట చెరిగిపోతుంది. వరద రాత్రి పదకొండు ఇళ్ళ నుంచి ఫోన్లు వస్తే చివరిదే మిగులుతుంది. దీనికన్నా చీటీయే నయం. అయినా దాన్ని పారేయలేదు, ఫోను ఎత్తగానే వినిపించే పలకరింపుకు వాడాం. అందులో ఒక చిత్రం ఉంది. దాని కాళ్ళలో ఒకదానికి 200 కిలో ఓముల రెసిస్టర్ పెడితే 20 సెకన్లు పడుతుంది, 100 పెడితే 10 సెకన్లే. 20 పెట్టినప్పుడు గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటుంది, 10కి తగ్గిస్తే తేటపడుతుంది. ఎందుకో రోకలి లెక్కతో మీరే ఆలోచించండి. మేము 120 పెట్టి 12 సెకన్ల దగ్గర ఆగాం.

వచ్చే మాటలకు మెమరీ కార్డు పెట్టాం. మైక్రోఎస్‌డీ, 4 జీబీ. ఒక్కో మాటకు 90 సెకన్లు ఇస్తే 7,20,000 బైట్లు. కార్డులో అలాంటివి ఐదు వేల పైచిలుకు పడతాయి.

కార్డులో రాయడంలో ఒక చిక్కు ఉంది. కార్డు ఒక్కో బైటు తీసుకోదు, 512 బైట్లు ఒక్కసారే అడుగుతుంది. అది రాసుకునేలోపు మాట ఆగదు కదా, వస్తూనే ఉంటుంది. కనుక రెండు బిందెల పద్ధతి. బోరింగు దగ్గర ఒక బిందె నిండుతుండగా రెండో బిందెను గదిలోకి మోసి, కుమ్మరించి, పరుగున రావాలి. 512 బైట్ల బిందె నిండడానికి 64 మిల్లీసెకన్లు. ఎక్కువసార్లు ఈ టైము సరిపోతుంది. అప్పుడప్పుడు కార్డు తన సొంత సర్దుబాటులో పడి ఆలస్యం చేస్తుంది, అప్పుడు బిందె పొర్లిపోతుంది, మాట మధ్యలో “టప్” అని తెగుతుంది. రెండు బిందెలకే 1024 బైట్లు, అంటే సగం జ్ఞాపకం పోయింది. మూడో బిందెకు చోటు లేదు, ఎందుకంటే కార్డుకు రాసే లైబ్రరీ తన కోసం ఇంకో 512 అడుగుతుంది. చివరికి మాట వచ్చాక ఫైలుకు చోటు వెతకడం మానేసి, ఖాళీ ఫైళ్ళు ముందే వరసగా చేసి పెట్టుకున్నాం. కుండలు ముందే బారుగా పెట్టుకున్నట్టు. టప్పులు దాదాపు పోయాయి.

పలకరింపు

నన్ను అడిగితే మొత్తం పనిలో కష్టమైనది ఎలక్ట్రానిక్స్ కాదు, ఈ 12 సెకన్లు. మొదట నేనే రాశాను. “నమస్కారము. ప్రస్తుతము కార్యాలయములో ఎవరూ అందుబాటులో లేరు. దయచేసి శబ్దము తరువాత మీ సందేశమును నమోదు చేయగలరు.” మాస్టారు బాగుందన్నారు. సంక్రాంతి ముందు వారం మాకు తెలిసిన ఇళ్ళకు కబురు పెట్టి, రాత్రి తొమ్మిది తర్వాత ఫోను చేయమన్నాం. పొద్దున్నే కార్డు తీసి విన్నాం. ఆరు కాల్స్. నాలుగింట్లో “హలో... హలో... ఎవరండీ” అని, తర్వాత కట్. ఒకాయన “రాంగు నంబరు” అన్నాడు. మా అవ్వ మాత్రం మాట్లాడింది. “ఎవరు బాబూ, మా వోడు ఉన్నాడా? ఏం తిన్నాడు?” అని అడిగి ఆగింది. జవాబు కోసం చూసింది. మళ్ళీ “ఏం తిన్నాడు బాబూ?” అంది. మళ్ళీ ఆగింది. 90 సెకన్లలో డెబ్బై సెకన్లు కాచుక్కూచోవడమే. చివరికి “కోపమొచ్చినట్టుంది” అని ఎవరితోనో అంటూ పెట్టేసింది.

అందరం నవ్వాం. నాకు మాత్రం కడుపులో ఏదోలా అయింది.

ఇప్పుడున్న పలకరింపు ఇది: “ఇది మనిషి కాదండి, మాట దాచే పెట్టె. జవాబు చెప్పదు. పిల్లాడి పేరు, మీ ఊరు, చెప్పాల్సిన మాట చెప్పండి. కీక్ అన్నాక మొదలెట్టండి.” తర్వాత రెండో చిప్పు మీద ఇదే కోయలో ఉంటుంది. అది తొమ్మిదో తరగతి చెల్లెలి గొంతు. జవాబు చెప్పదు అనే ముక్క చేర్చాక అవ్వలు తాతలు కూడా ఆగకుండా మాట్లాడుతున్నారు. మా అవ్వ ఇప్పుడు పెట్టెను తిడుతుంది కూడా.

పెట్టేశారని ఎలా తెలుస్తుంది

మొదటి రాత్రి ఇంకో గొడవ జరిగింది. 90 సెకన్ల హద్దు పెట్టకముందు సంగతి ఇది. అవతలి వాళ్ళు పెట్టేసినా మా పెట్టెకు తెలియలేదు. లైను వదలకుండా తెల్లవార్లూ “కూ... కూ... కూ” అనే ఎంగేజి మోతను భక్తిగా రికార్డు చేసింది. ఏడు గంటలు. ఆ రాత్రి ఇంకెవరు చేసినా ఎంగేజి వచ్చి ఉంటుంది.

ఎంగేజి మోతకూ మనిషి గొంతుకూ తేడా ఎలా చెప్పాలి? ఆ మోత సెకనుకు 400 కంపనాలు. అల ఒక్కో కంపనంలో రెండుసార్లు సున్నా గీత దాటుతుంది, అంటే సెకనుకు 800 సార్లు, సెకనులో పదో వంతులో 80 సార్లు. పెట్టె ఆ దాటడాలు లెక్కపెడుతుంది. మనిషి మాట్లాడుతుంటే ఆ లెక్క 20, 150, 60 అని ఎగిరెగిరి పడుతుంది. మోత అయితే 80, 80, 81, 80 అని కదలదు. తర్వాత నిశ్శబ్దం, మళ్ళీ అదే 80. ఇలా నాలుగుసార్లు సమానంగా వస్తే పెట్టేశారని లెక్క, రిలే వదిలేస్తుంది. ఇది తప్పినా 90 సెకన్లకు ఎలాగూ వదిలేస్తుంది.

ఎవరు వినాలి

దీని మీద మాలో మాకే తగువు వచ్చింది. మొదట్లో పొద్దున ప్రార్థన తర్వాత స్పీకరులో అందరికీ వినిపిద్దామన్నారు కొందరు. సరదాగా ఉంటుందని. నేను ఒప్పుకోలేదు, శబరి ఒడ్డు వాడు అసలు ఒప్పుకోలేదు. ఇంట్లో అప్పు సంగతి ఉంటుంది, నాన్న తాగి వచ్చిన సంగతి ఉంటుంది, నలుగురిలో వినే మాటలు కావవి. వార్డెన్ గారు తేల్చారు: ఆయన మొదట ఎవరి మాటో తెలిసేదాకే వింటారు, తర్వాత ఆ పిల్లవాణ్ణి పిలిచి తలుపు వేసి వినిపిస్తారు. విన్నాక తుడవాలా వద్దా అన్నది ఆ పిల్లవాడి ఇష్టం. రాత్రి ఆయన క్వార్టరు నుంచే వినవచ్చు. ఆఫీసు నంబరు నొక్కి, పలకరింపు మధ్యలో రహస్య అంకెలు నొక్కాలి. ఒక్కో మీట నొక్కితే రెండు స్వరాలు కలిసి పోతాయి, ఉదాహరణకు 5కి 770, 1336. ఎంటీ8870 అనే చిప్పు ఆ జంటను గుర్తుపట్టి ఏ అంకో బోర్డుకు చెబుతుంది.

జనవరి ఆఖరున ఒక రాత్రి తొమ్మిదింబావుకు ఒక మాట వచ్చింది. ఎనిమిదో తరగతి తమ్ముడి తల్లి, కోయలో. వాళ్ళ నాన్నకు మూడు రోజులుగా చలిజ్వరం, రంపచోడవరం ఆసుపత్రికి తీసుకొచ్చాం, వాణ్ణి ఒకసారి పంపండి. వార్డెన్ గారికి కోయ అంతగా రాదు. పేరు, ఊరు అర్థమయ్యాయి. రాత్రికి రాత్రే ఆ తమ్ముణ్ణి లేపి వినిపించారు. వాడు రెండుసార్లు విన్నాడు. పొద్దున మొదటి బస్సుకు వాచ్‌మన్‌ని తోడిచ్చి పంపారు. వాళ్ళ నాన్న ఇప్పుడు బాగున్నాడు. తిరిగి వచ్చాక వాడు నాతో అన్నది ఇది: “చీటీలో రాస్తే నాన్న చచ్చిపోయాడనుకునేవాణ్ణి అన్నా. అమ్మ గొంతు విన్నాను, ఏడవలేదు, అందుకని భయం తగ్గింది.” ఇది మేము సర్క్యూట్‌లో పెట్టింది కాదు.

చదువు రాని వాళ్ళు, తెలుగు రాని వాళ్ళు కూడా ఫోనులో మాట దాచి పదిమందికి చేర్చవచ్చని మన పొరుగు అడవుల్లోనే పెద్ద ఎత్తున చేసి చూపించారు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో సీజీనెట్ స్వర అని మొదలైంది. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో పనిచేసిన బిల్ థీస్ దాని వెనక ఉన్నారు. ఊళ్ళో వాళ్ళు మామూలు ఫోను నుంచి ఒక నంబరుకు చేసి తమ సంగతి చెబుతారు: బోరు పాడైంది, కూలి డబ్బు రాలేదు, ఇలా. వచ్చిన దాన్ని సరిచూసి, మిగతా వాళ్ళు ఫోను చేసి వినేలా పెడతారు. హిందీలోనే కాదు, గోండిలో కూడా. గోండి మన కోయకు దగ్గరి చుట్టమే కదా. అక్కడ కంప్యూటరు సర్వరు పని, మాది చెక్క పెట్టె. కానీ లోపల జరిగేది ఇదే: ఎత్తడం, వినడం, దాచడం, మళ్ళీ వినిపించడం.

ఇంకా ఉన్న లోపాలు

కరెంటు పోతే ఫోను పనిచేసినా పెట్టె పనిచేయదు. పాత బైకు బ్యాటరీ పెట్టాం, ఎనిమిది గంటలు లాగుతోంది. రికార్డు మధ్యలో కరెంటు పోతే ఫైలు ఖాళీగా కనిపించేది. ఎందుకంటే మాట పొడవు ఎంతో ఫైలు మొదట్లో రాయాలి, అది మేము చివర్లో రాసేవాళ్ళం. ఇప్పుడు ఐదు సెకన్లకోసారి రాస్తున్నాం.

పిడుగు సంగతి మరీ ముఖ్యం. మారేడుమిల్లి వైపు నుంచి మబ్బు దిగి ఉరిమితే పెట్టె పిన్ను ఊడదీయవలెను. మేము పెట్టిన దాటింపులు మామూలు కరెంటును ఆపుతాయి గానీ పిడుగును ఆపవు. ఈ పని ఈ నెల తొమ్మిదో తరగతి బి సెక్షన్ వాళ్ళది, పేర్లు ఆఫీసు తలుపు మీద అంటించాం. చిక్కు ఏమిటంటే, ఉరుములు వచ్చే రాత్రులే ఇంటి నుంచి ఫోన్లు వచ్చే రాత్రులు కూడా. లైను మీద పిడుగు నుంచి కాపాడే గ్యాస్ ట్యూబు అనేది ఒకటి ఉంటుందని మాస్టారు చెప్పారు. ఈసారి రాజమండ్రి వెళ్ళినప్పుడు అడగాలి.

చార్టు చాలక సర్క్యూట్ బొమ్మ వేయలేదు. నేర్చుకోవాలనుకున్న వాళ్ళు ఆదివారం టిఫిన్ తర్వాత ల్యాబ్‌కి రండి. సోల్డరింగ్ ఐరన్ ఒకటే ఉంది, కనుక ముగ్గురికి మించి రావద్దు.